బరంపురం పిన్‌కోడు 760001: ఒక పెద్ద సంఖ్యకు గుణాలెన్ని, వాటిలో దాని సొంతవి ఎన్ని

ఏ సంఖ్య కొట్టినా దాని జాతకమంతా చెప్పేసే సైట్లు, యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. అలాంటిదానిలో బరంపురం హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడు 760001 వేసి చూస్తే చాంతాడంత జాబితా వస్తుంది. బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, డెఫిషియంట్ (లోటు సంఖ్య), ఓడియస్, డిజిటల్ రూట్ 5. హర్షద్ కాదు, పాలిండ్రోమ్ (తిరగేసినా మారని సంఖ్య) కాదు, రెండు వర్గాల మొత్తం కాదు. లెక్కల పరీక్షకు తయారయ్యే పిల్లలు దీన్ని చూసి ఇవన్నీ బట్టీ పట్టాలా అని అడుగుతారు. న్యూమరాలజీ మీద గురి ఉన్న పెద్దలు 5 మనకు కలిసొస్తుందా అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలూ పుట్టేది ఒకే గందరగోళంలోంచి. జాబితాలో పక్కపక్కనే ఉన్నా ఆ గుణాలన్నీ ఒక జాతివి కావు. కొన్ని ఆ సంఖ్య సొంతవి, కొన్ని మనం దాన్ని రాసే పద్ధతివల్ల వచ్చినవి.

ఈ తేడా చూడటానికి దక్షిణ ఒడిశాలో తెలుగు వినిపించే నాలుగు ఊళ్ల పిన్‌కోడులు తీసుకుంటున్నాను: బరంపురం 760001, పర్లాకిమిడి 761200, జయపురం 764001, రాయగడ 765001. ఈ నాలుగూ నాలుగు రకాల మనుషుల్లా ఉంటాయి.

పిన్‌కోడు అసలు సంఖ్యేనా?

ముందుగా ఈ అభ్యంతరం తేల్చుకోవాలి. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె మండలాన్ని చెబుతుంది. 7 అంటే తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు. మొదటి రెండంకెలు 75 నుంచి 77 దాకా ఉంటే ఒడిశా. మూడో అంకెతో కలిపి చూస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ పోస్టాఫీసు. అంటే ఇది ఒక చిరునామాను ఆరు అంకెల్లో మడతపెట్టిన తీరు. రాయగడ కోడు బరంపురం కోడుకంటే 5000 ఎక్కువ అన్నది కూడికల లెక్కలో నిజమే, కానీ ఆ 5000 కిలోమీటర్లూ కాదు, రూపాయలూ కాదు. రెండు పిన్‌కోడులకు సగటు తీస్తే ఆ సగటు దగ్గర ఏదో ఒక ఊరు ఉండాలనేం లేదు. అందుకే పిన్‌కోడును, ఫోన్ నంబరును సంఖ్యలుగా చూడకూడదు, గుర్తులుగా చూడాలి అనేవాళ్లున్నారు. గణాంక శాస్త్రంలో అది గట్టి నియమం కూడా.

రెండో పక్షం మాట వేరు. గుర్తుగా వాడినా సరే, ఏడు లక్షల అరవైవేల ఒకటి అనే సంఖ్య ఉంది. దానికి కారణాంకాలున్నాయి. తపాలా శాఖకు అవి అక్కరలేకపోవచ్చు, అవి మాత్రం ఎక్కడికీ పోవు. నేను ఈ పక్షమే. కాకపోతే సంఖ్యలో కనబడే గుణాన్ని ఊరికి అంటగట్టకూడదు. 760001 లోటు సంఖ్య అయితే బరంపురానికి వచ్చిన లోటేమీ లేదు.

అక్షరాలు కలిసినంత మాత్రాన సంఖ్య కాకుండా పోదన్నది కూడా గమనించాలి. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిటల్ చిరునామా కోడు డిజిపిన్‌లో పది స్థానాలు, ఒక్కో స్థానంలో పదహారు గుర్తుల్లో ఒకటి. కొన్ని అంకెలు, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు. పదహారు ఆధారంగా, అంటే ఒక్కో స్థానం ఎడమకు జరిగితే విలువ పదహారింతలయ్యేలా రాసిన పదంకెల సంఖ్యకూ దీనికీ లెక్కలో తేడా లేదు. మొత్తం 16ను పదిసార్లు గుణించినన్ని కోడులు వస్తాయి, అంటే లక్షా తొమ్మిదివేల తొమ్మిదివందల యాభయ్యొక్క కోట్ల పైమాటే.

మూడుసార్లు పదకొండు

ఇప్పుడు 760001 లోపలికి వెళ్దాం. ఒకటికంటే పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యా ప్రధాన సంఖ్య అయినా అవుతుంది, ప్రధాన సంఖ్యల లబ్ధమైనా అవుతుంది. ఆ లబ్ధం ఒక్కటే రకంగా కుదురుతుంది. ఎవరు ఏ వరసలో భాగించినా చివరికి తేలేవి అవే ప్రధాన కారణాంకాలు. ఒక సంఖ్య గురించి అడగదగ్గ మొదటి ప్రశ్న ఇదే. మిగతా చాలా జవాబులు దీనిలోంచే పుడతాయి.

760001 చివర 1 ఉంది కాబట్టి 2తో, 5తో పోదు. అంకెలు కూడితే 14, కాబట్టి 3తో పోదు. 7తో భాగిస్తే 4 మిగులుతుంది. తర్వాతిది 11. బడిలో చెప్పిన సూత్రంలో అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూస్తాం. నాకు దానికంటే సులువైనది జంటల పద్ధతి. కుడివైపు నుంచి రెండేసి అంకెలుగా విడగొట్టి కూడితే చాలు. 100ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక ప్రతి జంటా తన విలువే మిగుల్చుతుంది. ఇక్కడ 76, 00, 01. కూడితే 77. పదకొండో ఎక్కంలో ఏడోది.

భాగిస్తే 69091 వచ్చింది. మళ్లీ జంటలు: 6, 90, 91. మొత్తం 187, అంటే పదకొండు పదిహేడ్లు. మళ్లీ పోతుంది! భాగఫలం 6281. 62కు 81 కలిపితే 143, పదకొండు పదమూళ్లు. మూడోసారీ పోయింది. ఇప్పుడు మిగిలింది 571. 5కు 71 కలిపితే 76, ఇక పదకొండుకు లొంగదు. 571 ప్రధానమా కాదా తేలాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 23 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే సరిపోతుంది. దేనితోనూ పోదు. కాబట్టి

760001 = 11 × 11 × 11 × 571

ఆరంకెల సంఖ్యలో 11 ఘనం కూర్చుని ఉంటుందని ఆ కోడు చూసి ఎవరనుకుంటారు? మిగతా మూడు ఊళ్లవీ విప్పితే ఇలా తేలుతాయి. జయపురం 764001 అంటే 3 × 3 × 7 × 67 × 181. రాయగడ 765001 అంటే 61 × 12541, రెండే రెండు ప్రధాన కారణాంకాలు. పర్లాకిమిడి 761200లో నాలుగు 2లు, రెండు 5లు, ఒక 11, ఒక 173.

లోటు, మిగులు

డెఫిషియంట్, అబండెంట్ అనే పేర్లు బడ్జెట్ భాషలో లోటు, మిగులు. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించేవాటన్నిటినీ, ఆ సంఖ్యను మాత్రం వదిలేసి, కూడాలి. మొత్తం సంఖ్యకంటే తక్కువైతే లోటు సంఖ్య, ఎక్కువైతే మిగులు సంఖ్య, సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య. 6కు 1, 2, 3 కలిపితే 6. 28కి 1, 2, 4, 7, 14 కలిపితే 28.

760001కి తనను వదిలేస్తే ఏడే భాజకాలు: 1, 11, 121, 571, 1331, 6281, 69091. మొత్తం 77,407. సంఖ్యలో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. గట్టి లోటు.

పర్లాకిమిడి పరిస్థితి దీనికి పూర్తి ఎదురు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఆ ఊరి కోడుకు 60 భాజకాలు. అరవై భాజకాలూ రాసుకుని కూడనక్కర్లేదు. ఒక్కో ప్రధాన కారణాంకం ఘాతాలను విడిగా కూడి, ఆ మొత్తాలను గుణిస్తే చాలు. 1, 2, 4, 8, 16 కలిపితే 31. 1, 5, 25 కలిపినా 31. 1, 11 కలిపితే 12. 1, 173 కలిపితే 174. ఈ నాలుగింటి లబ్ధం 20,06,568. దానిలోంచి 761200 తీసేస్తే 12,45,368 మిగులుతుంది. సంఖ్యకంటే బాగా ఎక్కువ కాబట్టి మిగులు సంఖ్య. దీని కిటుకంతా చిన్న ప్రధానాల్లో, ముఖ్యంగా 2లో ఉంది. బేసి సంఖ్యల్లో మిగులు అరుదు, అన్నిటికంటే చిన్నది 945. జయపురం కోడు 9తోనూ 7తోనూ పోయినా దాని భాజకాల మొత్తం 5,23,103 దగ్గరే ఆగిపోయింది.

ఈ వర్గీకరణ పాతది. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కిందట నికోమాకస్ అనే గ్రీకు పండితుడు సంఖ్యలను ఇలా మూడు రకాలు చేసి, మిగులు సంఖ్యలను అవయవాలు ఎక్కువైన జంతువులతో, లోటు సంఖ్యలను అవయవాలు తక్కువైనవాటితో పోల్చాడు. సంఖ్యకు మంచిచెడ్డలు అంటగట్టే అలవాటు కొత్తదేం కాదన్నమాట. పరిపూర్ణ సంఖ్యలు మాత్రం నిజంగానే అరుదు: 6, 28, 496, 8128, ఆ తర్వాత ఏకంగా 3,35,50,336. ఆరంకెల్లో ఒక్కటీ లేదు, కాబట్టి ఏ ఊరి పిన్‌కోడూ పరిపూర్ణం కాలేదు.

భాజకాల పరంగా ఆరంకెల సంఖ్యలకు పెద్దపీట 720720ది. 1 నుంచి 16 దాకా ప్రతి సంఖ్యతోనూ పోతుంది, భాజకాలు 240. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో ఒక పెద్ద పత్రం ప్రచురించారు. రామానుజన్ అనగానే అందరూ 1729 అంటారు గాని, నాకైతే ఈ పని దానికంటే ఎంతో గొప్పగా కనిపిస్తుంది.

రాత మారితే ఏది మిగులుతుంది?

బరంపురం బజారులో ఒకే నంబరు ఒక బోర్డు మీద ఒడియా అంకెల్లో, పక్క బోర్డు మీద ఇంగ్లీషు అంకెల్లో కనిపిస్తుంది. పాత తెలుగు పుస్తకం తీస్తే ౭౬౦౦౦౧. గుర్తులు మారాయి గాని పద్ధతి ఒక్కటే. ఒక్కో స్థానం ఎడమకు జరిగితే విలువ పదింతలు. మన సంఖ్య నిజంగా రూపం మార్చేది పదికి బదులు మరో ఆధారం తీసుకున్నప్పుడే.

కంప్యూటర్‌కు ఆధారం రెండు. అక్కడ 760001 ఇలా ఉంటుంది: 10111001100011000001. ఇందులో 1లు తొమ్మిది. 1ల లెక్క బేసి అయితే ఓడియస్, సరి అయితే ఈవిల్ అని పేర్లు పెట్టారు. ఆ ఇంగ్లీషు పేర్లు చూసి కంగారుపడక్కర్లేదు, వాటిలో ఉన్నదంతా ఈ సరి బేసి తేడానే.

ఇక పదకొండు ఆధారంగా రాద్దాం. 571లో నాలుగు 121లు, ఏడు 11లు, ఒక పది. పదికి ఒకే గుర్తు కావాలి కాబట్టి ‘ప’ అనుకుందాం. అప్పుడు 571 అంటే 47ప. దాన్ని 11 ఘనంతో గుణించడమంటే వెనక మూడు సున్నాలు చేర్చడమే: 47ప000. మనకు ఏడు లక్షల అరవైవేలకు ఒకటి ఎక్కువగా, ఏ ఆకారమూ లేకుండా కనిపించిన సంఖ్య, పదకొండు వేళ్లున్నవాళ్లకు గుండు సున్నాలతో రౌండ్ ఫిగరుగా కనబడేది. మనం రౌండ్‌గా చూసే 760000 వాళ్లకు చిల్లరగా తోచేది. చివర సున్నాలుండటం రాతకు సంబంధించినది. 11 ఘనంతో పోవడం సంఖ్యకు సంబంధించినది. ఇంతకంటే తేటగా ఆ తేడా చూపే సంఖ్య నాకు తారసపడలేదు.

డిజిటల్ రూట్‌నూ ఇదే గీటురాయి మీద గీసి చూడొచ్చు. 7, 6, 1 కలిపితే 14. 1, 4 కలిపితే 5. ఇది 760001ని 9తో భాగిస్తే వచ్చే శేషం, అంతకుమించి ఏమీ లేదు. 9తో ఎందుకంటే మన ఆధారం పది కాబట్టి, పదిలో ఒకటి తక్కువ తొమ్మిది కాబట్టి. పదకొండు ఆధారంగా రాసి అంకెలు కూడుకుంటూ పోతే చివరికి తేలేది 10తో భాగిస్తే వచ్చే శేషం, అంటే 1. అదే సంఖ్య, అదే ఊరు. రాత మారేసరికి 5 కాస్తా 1 అయింది. న్యూమరాలజీ నమ్మేవాళ్లు దీనికి, లోకమంతా పదుల్లోనే లెక్కపెడుతుంది కాబట్టి మాకు పదే ప్రమాణం అని జవాబు చెప్పొచ్చు. అది వాళ్ల నమ్మకం. గణితానికి మాత్రం పది మీద ప్రత్యేకమైన ప్రేమ లేదు.

హార్డీ ఒక పక్క, కాప్రేకర్ ఒక పక్క

అయితే అంకెల మీద ఆధారపడ్డ గుణాలన్నీ పనికిరానివేనా? ఇక్కడ ఇద్దరు ఉద్దండుల దారులు వేరు. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ 1940లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. తిరగేసి రాసిన సంఖ్యకు గుణిజాలుగా ఉండే నాలుగంకెల సంఖ్యలు రెండే: 8712, 9801. మొదటిది 2178కి నాలుగింతలు, రెండోది 1089కి తొమ్మిదింతలు. పత్రికల్లో పజిల్ శీర్షికకు ఇది బాగుంటుంది గాని గణితజ్ఞుణ్ణి కదిలించేది ఇందులో ఏమీ లేదని అతని తీర్పు. దీన్నుంచి ఇంకో చోటికి దారి తీయదు కాబట్టి అలా అన్నాడు.

రెండో పక్క దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో మహారాష్ట్రలోని డహాణూలో పుట్టి, నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేస్తూ జీవితమంతా అంకెలతో ఆడుకున్నాడు. పెద్ద గణితజ్ఞులు చాలాకాలం ఆయన్ను పట్టించుకోలేదు. ఆయన కనిపెట్టినవాటిలో పేరుమోసింది 6174. నాలుగంకెలు తీసుకుని, అన్నీ ఒకటే కాకుండా చూసుకుని, పెద్ద నుంచి చిన్నకు రాసిన సంఖ్యలోంచి చిన్న నుంచి పెద్దకు రాసినదాన్ని తీసేస్తూ పోతే చివరికి 6174 దగ్గర ఆగుతుంది. రాయగడ కోడులో మొదటి నాలుగంకెలు 7650తో చూడండి: 7650లోంచి 0567 తీస్తే 7083. 8730లోంచి 0378 తీస్తే 8352. 8532లోంచి 2358 తీస్తే 6174. ఇక ఎన్నిసార్లు చేసినా అదే. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు అడుగులు మించవు.

హర్షద్ సంఖ్యలూ ఆయన పెట్టినవే. తన అంకెల మొత్తంతో తాను పోయేది హర్షద్. పర్లాకిమిడి అంకెల మొత్తం 16, 761200ని 16తో భాగిస్తే సరిగ్గా 47575. కాబట్టి హర్షద్. బరంపురం అంకెల మొత్తం 14, సరి సంఖ్య. బేసి సంఖ్య సరి సంఖ్యతో ఎప్పుడూ పోదు, కాబట్టి భాగహారం చేయకుండానే తోసేయొచ్చు.

లోతు దగ్గర హార్డీ మాటే నెగ్గుతుంది. కానీ భాగహారం, శేషం, స్థానవిలువ పిల్లల చేతికి అలవాటయ్యేది ఎక్కువగా కాప్రేకర్ దారిలోనే. ఇంట్లో తెలుగులో ఎక్కాలు చదివి బడిలో ఒడియాలో లెక్కలు చేసే పిల్లలకు 6174 ఆట ఏ భాషలోనైనా ఒకటే.

రాయగడ రెండు రకాలుగా

జాబితాలో అందరూ దాటేసే మాట ఒకటుంది, రెండు వర్గాల మొత్తం కాదు అని. నన్నడిగితే అన్నిటికంటే లోతైన గుణం అదే. ఒక సంఖ్యను రెండు వర్గసంఖ్యల మొత్తంగా రాయగలమా లేదా అన్నది దాని ప్రధాన కారణాంకాలు చెబుతాయి. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానాలన్నీ సరిసార్లు ఉంటేనే కుదురుతుంది. ఫెర్మా 1640లో ప్రధాన సంఖ్యలకు దీని కీలకం చెప్పగా, నిరూపణ వందేళ్ల తర్వాత ఆయిలర్ చేతిలో పూర్తయింది. బరంపురంలో 11 మూడుసార్లుంది, 571 ఒక్కసారే. రెండూ 3 మిగిల్చే రకమే, రెండూ బేసిసార్లే. కాబట్టి కుదరదు.

రాయగడలో 61, 12541 రెండూ 4తో భాగిస్తే 1 మిగిల్చే రకం. 61 అంటే 5, 6ల వర్గాల మొత్తం. 12541 అంటే 110, 21ల వర్గాల మొత్తం. ఇలాంటి రెండు మొత్తాలను గుణిస్తే మళ్లీ అలాంటి మొత్తమే వస్తుందనే సూత్రం, ఇంకా విస్తృత రూపంలో, 7వ శతాబ్దంలోనే బ్రహ్మగుప్తుడి దగ్గరుంది. దాన్ని వాడితే రెండు జవాబులు తేలుతాయి.

765² + 424² = 5,85,225 + 1,79,776 = 765001
676² + 555² = 4,56,976 + 3,08,025 = 765001

మొదటి వరసలో 765 చూశారా? కోడులో మొదటి మూడంకెలే. ఇది మాత్రం ఉత్త కాకతాళీయం, రాతకు సంబంధించిన ముచ్చట. రెండు రకాలుగా కుదరడం సంఖ్య సొంత గుణం. ఒకే వరసలో రెండు జాతులూ ఇలా కలిసిపోయి ఉంటాయి, జల్లెడ పట్టుకోవాలి.

ఇది ఎంత అరుదు?

760000 నుంచి 765999 దాకా ఉన్న ఆరువేల సంఖ్యల్లో 11 ఘనంతో పోయేవి ఐదే, వాటిలో మొదటిది బరంపురం. వింటే అబ్బో అనిపిస్తుంది. కానీ నేను వెతికింది ఒక్క గుణం కోసం కాదు. ఘనాలు, వర్గాల మొత్తాలు, భాజకాల లెక్క, హర్షద్, ఇలా పది దిక్కుల్లో చూశాను, నాలుగు ఊళ్లకు చూశాను. అంత వెతికితే ఎక్కడో ఏదో ఒకటి తగలకుండా ఉండదు. వింత దొరికిందనే ముందు ఎన్ని తలుపులు తట్టామో కూడా చెప్పాలి.

‘పెద్ద’ అంటే ఎంత పెద్ద?

ఆరంకెలు మనకు పెద్దవే గాని ఈ శాస్త్రంలో పిల్లకాయలు. పది లక్షల లోపు ఏ సంఖ్య అయినా ప్రధానమా కాదా తేల్చడానికి వెయ్యి లోపు ఉన్న 168 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరి. 765001కి కాగితం మీద చేస్తే పద్దెనిమిదో ప్రధానమైన 61 దగ్గర గుట్టు విడిపోతుంది. ఆపైన 12541 ప్రధానమేనని తేలడానికి 109 దాకా వెళ్లాలి.

అంకెలు పెరిగేకొద్దీ ఈ దారి మూసుకుపోతుంది, అక్కడ ఒక వింత అంతరం బయటపడుతుంది. ప్రధానమా కాదా అని తేల్చడం ఒక పని, కాకపోతే కారణాంకాలు పట్టుకోవడం ఇంకో పని. మొదటిది సులువు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా ఈ పరీక్ష సహేతుకమైన కాలంలో, సందేహానికి తావులేకుండా పూర్తవుతుందని నిరూపించారు. ప్రత్యేక రూపంలో ఉన్న సంఖ్యలకైతే ఇంకా దూరం వెళ్లొచ్చు. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. 2ను 13,62,79,841 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది.

రెండో పని మొండిది. రాయగడ కోడులా రెండే ప్రధానాలు గుణిస్తే వచ్చే సంఖ్యను, ఆ రెంటినీ ఒకే పాటి పెద్దవిగా ఎంచి తయారుచేస్తే విప్పడం మహా కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రహస్య సందేశాలు కాపాడటానికి కట్టిన ఆర్‌ఎస్‌ఏ తాళం నిలబడింది ఈ కష్టం మీదే. సవాలుగా విడుదల చేసిన సంఖ్యల్లో 250 అంకెలున్నదాన్ని 2020 ఫిబ్రవరిలో విప్పారు. ఒకే ప్రాసెసర్ కోర్ మీద నడిపితే సుమారు 2700 ఏళ్లు పట్టేంత లెక్క అది. అదే జాబితాలో 617 అంకెలతో ఇంకొకటుంది, ఆర్‌ఎస్‌ఏ-2048. అది ప్రధానం కాదని, రెండు ప్రధానాల లబ్ధమని అందరికీ తెలుసు. ఆ రెండూ ఏవో ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు.